38 కిటికీలు, 23,539 దోపిడీలు: 1960ల న్యూయార్క్ భయం గురించి

సైకాలజీ సెమినార్ కోసం మీరు అడిగినది ఒకే ప్రశ్నలా కనిపించినా అందులో రెండున్నాయి. 1960లలో న్యూయార్క్‌లో నేరాలు నిజంగానే పెరిగాయా, లేక పత్రికలు జనాన్ని హడలెత్తించాయా అన్నది మొదటిది. 1964లో కిట్టీ జెనోవీస్ అనే యువతిని పొడిచి చంపుతుంటే 38 మంది కిటికీల్లోంచి చూస్తూ ఒక్కరూ పోలీసులకు ఫోన్ చేయలేదని మీ పాఠ్యపుస్తకంలో ఉందట, అది నిజమేనా అన్నది రెండోది. సూటిగా చెప్పాలంటే నేరాలు పెరిగిన మాట నిజమే, కానీ జనానికి చూపించిన అంకెల్లో ఉన్నంతగానూ కాదు, వాళ్లు హడలిపోయిన ఏడాదిలోనూ కాదు. 38 మంది కథ మాత్రం అచ్చయిన రూపంలో నిజం కాదు. ఎందుకో చెప్పడానికి కాస్త చోటు పడుతుంది, ఓపిక పట్టండి.

నేను ముప్ఫై రెండేళ్లు జిల్లా నేర రికార్డుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. నెలనెలా స్టేషన్ల నుంచి వచ్చే పట్టికలను కూడడం, తేడాలుంటే స్టేషన్ రైటర్లను అడగడం, సరిచేసి పైకి పంపడం నా పని. ఒక స్టేషన్ నుంచి నెలల తరబడి గొలుసు దొంగతనాల గడిలో సున్నాలే వచ్చేవి. ఉన్నట్టుండి ఒక నెల ఆ గడి నిండిపోయింది. ఫోన్ చేసి అడిగితే రైటర్ అన్నాడు: "కొత్త సారు వచ్చిన ప్రతి అర్జీకీ కేసు కట్టమన్నారండి." అంతకుముందు ఆ ఊళ్లో ఆడవాళ్ల మెడల్లోంచి గొలుసులు తెగకపోలేదు. తెగాయి. వాళ్లు స్టేషన్‌కు వచ్చారు, గంటలకొద్దీ బెంచీ మీద కూర్చున్నారు, కాగితం ఇచ్చి వెళ్లారు. ఆ కాగితం పట్టికలోకి ఎక్కలేదు, అంతే. ఆనాటి నుంచి ఏ ఊళ్లోనైనా దొంగతనాలు ఒక్కసారిగా రెట్టింపయ్యాయంటే నేను మొదట అడిగేది ఒక్కటే: అక్కడ ఎస్సై మారారా?

న్యూయార్క్ గురించి చదివినప్పుడు నాకు మా ఆఫీసు రిజిస్టర్లే కళ్ల ముందు మెదిలాయి. అమెరికాలో దేశవ్యాప్త నేరాల లెక్కలను ఎఫ్‌బీఐ 1930 నుంచి సేకరించి ప్రచురిస్తూ వచ్చింది. 1949లో అది న్యూయార్క్ పంపిన అంకెలను అచ్చువేయడమే మానేసింది, అవి నమ్మదగ్గవిగా లేవని. దేశంలోకెల్లా పెద్ద నగరం లెక్కలకే ఆ గతి పట్టింది. ఏ స్టేషన్‌కు వచ్చిన ఫిర్యాదు ఆ స్టేషన్ దయాదాక్షిణ్యాల మీద ఉండటమే కారణం. తర్వాత నగరం ఫిర్యాదులన్నీ ఒక కేంద్ర కార్యాలయంలో నమోదయ్యే పద్ధతి పెట్టింది. దాంతో దోపిడీలు 400 శాతం, ఇళ్లలో చోరీలు 1,300 శాతం పెరిగినట్టు తేలింది. ఈ సంగతి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ నియమించిన నేర సంఘం 1967లో ఇచ్చిన నివేదికలోనే ఉంది. చొరబడే దొంగలు రెండు మూడేళ్లలో పద్నాలుగు రెట్లయ్యారని ఎవరూ అనుకోలేదు. ఇంతకాలం చెత్తబుట్టలోకి పోయిన కాగితాలు బయటికొచ్చాయి.

అలాంటి సంస్కరణలు పైనుంచి కన్నేసి ఉంచినంత కాలమే నిలుస్తాయి. ఆ తర్వాతి ఏళ్లలో న్యూయార్క్‌లో నమోదు మళ్లీ సడలిపోయింది. 1966 జనవరిలో జాన్ లిండ్సే మేయరయ్యారు. ఆయన నియమించిన పోలీస్ కమిషనర్ హోవర్డ్ లియరీ హయాంలో నమోదును మళ్లీ కట్టుదిట్టం చేశారు. ఇక్కడ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూడండి, మీ సెమినార్‌కు ఇంతకంటే పనికొచ్చే అంకెలు దొరకవు. 1965లో నగరంలో నమోదైన దోపిడీలు 8,904. 1966లో 23,539. అదే రెండేళ్లలో హత్యలు 634 నుంచి 654. దోపిడీలు రెండున్నర రెట్లు దాటితే హత్యలు మూడు శాతం పెరిగాయి. తుపాకీ చూపించి పర్సు లాక్కునేవాళ్లు ఒక్క ఏడాదిలో అంతగా పెరిగిన నగరంలో హత్యలు అలా నిలకడగా ఉండటం సాధ్యం కాదు. దోపిడీలో కొంత వంతు ఎప్పుడూ హత్యగా ముగుస్తుంది.

అందుకే నా వృత్తిలో అందరూ హత్యల గడినే ముందు చూస్తారు. పర్సు పోయిన ఫిర్యాదును సొరుగులో దాచవచ్చు, శవాన్ని దాచలేరు. ఆ గడి ప్రకారం న్యూయార్క్‌లో 1960లో 482 హత్యలు, 1964లో 636. అది పెరుగుదలే, కాదనడం లేదు. కానీ అసలు పిడుగు ఆ తర్వాత పడింది. 1967లో 746, మరుసటి ఏడాది 986, 1970లో 1,117, 1972 నాటికి 1,691. పన్నెండేళ్లలో మూడున్నర రెట్లు. నగర జనాభా మాత్రం దాదాపు 80 లక్షల దగ్గరే ఉండిపోయింది కాబట్టి జనం పెరిగారన్న సాకు కూడా లేదు. నేరం పెరగడం పత్రికల కట్టుకథ అని ఎవరైనా మీతో అంటే ఈ వరుస చూపించండి.

కారణాల గురించి పుస్తకాలు బోలెడున్నాయి, నేను క్లుప్తంగా చెబుతాను. యుద్ధం ముగిశాక 1946లో పుట్టిన పిల్లలకు 1964లో పద్దెనిమిదేళ్లు వచ్చాయి, నేరాల్లో ఎక్కువ పాలు ఎప్పుడూ ఆ వయసు మగపిల్లలదే. దక్షిణాది రాష్ట్రాల నుంచి నల్లజాతివారు, ప్యూర్టో రీకో నుంచి మరికొందరు పని వెతుక్కుంటూ వచ్చేసరికి వాళ్లకు పని ఇవ్వాల్సిన ఫ్యాక్టరీలు నగరం వదిలి వెళ్లడం మొదలుపెట్టాయి. తెల్లజాతి మధ్యతరగతి శివార్లకు తరలిపోయింది. అన్నిటి మీదా హెరాయిన్ వచ్చి పడింది. దానికి అలవాటు పడినవాడికి రోజూ డబ్బు కావాలి, ఆ డబ్బు పక్కింటి టీవీలోంచో దారిన పోయేవాడి జేబులోంచో రావాలి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. 1964 మార్చి 13 తెల్లవారుజామున మూడు దాటాక, ఒక బారులో మేనేజరుగా పనిచేసే 28 ఏళ్ల కిట్టీ జెనోవీస్ న్యూయార్క్‌లో ఒక భాగమైన క్వీన్స్‌లోని క్యూ గార్డెన్స్ రైల్వే స్టేషన్ పక్కన కారు ఆపి ఇంటికి నడిచింది. విన్‌స్టన్ మోస్లీ అనేవాడు వెంటపడి ఆస్టిన్ వీధిలో పొడిచాడు. ఆమె అరిచింది. ఎదురు భవనం పై అంతస్తులోంచి ఒకాయన "ఆ అమ్మాయిని వదులు" అని కేకేశాడు. మోస్లీ పారిపోయాడు. ఆమె లేచి, తూలుతూ, భవనం చుట్టూ తిరిగి వెనక వైపు గుమ్మం దాకా వెళ్లి లోపల పడిపోయింది. కొద్ది నిమిషాలకు వాడు తిరిగొచ్చి, వెతికి, అక్కడ రెండోసారి దాడి చేశాడు.

రెండు వారాల తర్వాత, మార్చి 27న, న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వార్త వచ్చింది. 38 మంది గౌరవనీయులైన పౌరులు అరగంటకు పైగా ఆ హంతకుడు మూడుసార్లు దాడి చేయడం చూస్తూ ఉండిపోయారని. ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం ముఖ్యం. పత్రిక నగర విభాగపు సంపాదకుడు ఎ. ఎం. రోసెంతాల్ ఆ వారంలో పోలీస్ కమిషనర్ మైకేల్ మర్ఫీతో భోజనానికి కూర్చున్నారు. వేరే హత్య ఒకటి తామే చేశామని ఇద్దరు మనుషులు విడివిడిగా ఒప్పుకున్నారేమిటని అడిగారు. పోలీసులకు ఇబ్బందికరమైన ప్రశ్న అది. కమిషనర్ మాట మార్చి, క్వీన్స్‌లో 38 మంది చూస్తూ ఊరుకున్న సంగతి చెప్పారు. ఒక ఇరకాటపు ప్రశ్నను తప్పించుకోవడానికి చెప్పిన మాట ప్రపంచంలోని సైకాలజీ పుస్తకాలన్నిటిలోకీ పాకింది.

నిజానికి దాడులు రెండే. చాలామందికి నిద్రలో అరుపు వినబడింది, కిటికీ దగ్గరికి వచ్చేసరికి వీధిలో ఒంటరిగా తూలుతూ నడిచే అమ్మాయి కనిపించింది లేదా ఎవరూ కనిపించలేదు. దగ్గర్లో బారు ఉంది, తాగినవాళ్ల గొడవనుకున్నారు. దాడిని కళ్లారా చూసినవాళ్లు అరడజను మందికి మించరు. 2016లో మోస్లీ జైల్లో 81 ఏళ్ల వయసులో చనిపోయినప్పుడు, సాక్షుల సంఖ్యను తాము విపరీతంగా పెంచి రాశామని ఆ పత్రికే అచ్చువేసుకుంది.

మా అమ్మాయి క్వీన్స్‌లో ఉండగా నేను అక్కడికి వెళ్లి ఆ దారిని కాళ్లతో కొలిచాను. రైల్వే స్టేషన్ పక్కన రెండంతస్తుల పాతకాలపు భవనం, కింద దుకాణాలు, పైన ఇళ్లు. వీధికి అవతల ఎత్తైన అపార్ట్‌మెంటు. దుకాణాల ముందు నిలబడితే ఆ అపార్ట్‌మెంటు కిటికీలన్నీ కనిపిస్తాయి, ఒక్కో కర్టెను రంగు కూడా చెప్పవచ్చు. మూల తిరిగి రైలు పట్టాల వైపున్న సన్నని సందులోకి వెళ్లాను. వెనక్కి తిరిగి చూస్తే ఆ ఎత్తైన భవనపు కిటికీ ఒక్కటీ కనబడలేదు. ఆమె ప్రాణం తీసిన దాడి ఈ వెనక వైపు, తలుపు లోపల జరిగింది. 38 మంది దాన్ని చూడాలంటే గోడల గుండా చూడాలి. ఈ సందులో నిలబడి మళ్లీ చదివితే ఆ వార్త ఎంత నిర్దయగా రాశారో తెలుస్తుంది.

ఇద్దరు మాత్రం తప్పు చేశారు, దాన్ని దాచకూడదు. ఎదురు భవనంలో పనిచేసే ఒకడు మొదటి దాడిని చూసి కూడా వెళ్లి పడుకున్నాడు. వెనక గుమ్మం మెట్ల పైన ఉండేవాడు తలుపు తీసి, చూసి, మూసేసుకున్నాడు, తనకెందుకొచ్చిన గొడవని. అతనే చివరికి పొరుగింటికి వెళ్లి పోలీసులకు కబురు చేశాడు. కానీ అదే మెట్ల దగ్గరికి, హంతకుడు ఉన్నాడో వెళ్లిపోయాడో తెలియకుండానే, ఒక పొరుగింటి స్త్రీ పరుగెత్తుకొచ్చింది. అంబులెన్స్ వచ్చేదాకా కిట్టీని ఒడిలో పట్టుకుని కూర్చుంది. ఆ స్త్రీ ప్రస్తావన మార్చి 27 నాటి వార్తలో లేదు.

ఫోన్ సంగతి నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. అప్పటికి అత్యవసర నంబరు 911 లేదు, న్యూయార్క్‌లో అది 1968లో వచ్చింది. 1964లో ఆపరేటర్‌కో స్టేషన్‌కో ఫోన్ చేసి, ఎత్తినవాడు సవాలక్ష ప్రశ్నలు వేస్తే జవాబు చెప్పాలి. మొదటి దాడి తర్వాతే తన తండ్రి పోలీసులకు ఫోన్ చేశాడని, అప్పట్లో పిల్లవాడిగా ఆ ఎదురు భవనంలో ఉన్న ఒకాయన తర్వాత ఎన్నో ఏళ్లకు ప్రమాణపత్రం ఇచ్చాడు. పోలీసుల దగ్గర ఆ ఫోన్ నమోదు లేదు. నమోదు లేదు కాబట్టి ఎవరూ ఫోన్ చేయలేదని కొట్టిపారేశారు. ఏటా వేల ఫిర్యాదులను రిజిస్టరుకెక్కించని విభాగం అది. దాని రిజిస్టరులో లేని ఫోన్ అసలు రాలేదని ఎలా నమ్మమంటారు? నమ్మలేనని ఈ వృత్తిలో బతికినవాడిగా చెబుతున్నాను.

1964 వేసవికి న్యూయార్క్ ఎంత హడలిపోయిందో చెప్పే ఇంకో కేసు ఉంది, మీరు దాన్ని వదలకండి. 1963 ఆగస్టు 28న, మార్టిన్ లూథర్ కింగ్ వాషింగ్టన్‌లో ప్రసంగించిన రోజునే, మాన్‌హట్టన్‌లోని ఒక అపార్ట్‌మెంటులో ఇద్దరు ఉద్యోగినులను ఎవరో పొడిచి చంపారు. నెలల తరబడి హంతకుడు దొరకలేదు, ఒంటరిగా ఉండే ఆడపిల్లలకు నిద్ర కరువైంది. 1964 ఏప్రిల్‌లో బ్రూక్లిన్ పోలీసులు జార్జ్ విట్‌మోర్ అనే 19 ఏళ్ల నల్లజాతి కుర్రవాణ్ణి వేరే కేసులో పట్టుకున్నారు. అతని జేబులో ఒక తెల్లమ్మాయి ఫొటో దొరికింది. అది హతురాలిదేనన్నారు. విడవకుండా ప్రశ్నించి 61 పేజీల ఒప్పుకోలు రాయించారు. ఆ ఫొటో హతురాలిది కాదు, న్యూజెర్సీలోని వైల్డ్‌వుడ్ ఊరి అమ్మాయిది. హత్యలు జరిగిన రోజు విట్‌మోర్ కూడా ఆ ఊళ్లోనే ఉన్నాడు. అసలు హంతకుడు దోషి అని 1965లో తేలింది. విట్‌మోర్‌కు మాత్రం ఒప్పించిన మిగతా కేసుల నుంచి పూర్తిగా బయటపడటానికి 1973 దాకా పట్టింది. అనుమానితుడికి మౌనంగా ఉండే హక్కు ఉందని ముందే చెప్పాలన్న మిరాండా తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు ఈ కేసును ప్రస్తావించింది. హడలిపోయిన నగరం ఎవరినో ఒకర్ని అప్పగించమంటుంది. అప్పుడు విట్‌మోర్ దొరికాడు.

ఆ భయానికి ఒక రంగు ఉండటం మీరు గమనించే ఉంటారు. 1966 నవంబరులో అది ఓటు రూపంలో బయటపడింది. పోలీసుల మీద వచ్చే ఫిర్యాదులను విచారించే మండలిలో మేయర్ లిండ్సే బయటి పౌరులను కూర్చోబెట్టారు. మాన్‌హట్టన్‌లోని యార్క్‌విల్ పేటలో 1964 జూలైలో డ్యూటీలో లేని పోలీసు అధికారి పదిహేనేళ్ల నల్లజాతి విద్యార్థిని కాల్చి చంపడం, దాంతో నల్లజాతివారి పేట హార్లెమ్‌లో రోజుల తరబడి అల్లర్లు చెలరేగడం ఆ మార్పు వెనక ఉన్నాయి. పోలీసుల సంఘం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టించి, ఒక పోస్టరు వేసింది. రాత్రివేళ సబ్‌వే, అంటే భూగర్భ రైలు స్టేషన్, మెట్లెక్కి చీకటి వీధిలోకి ఒంటరిగా వస్తున్న తెల్లజాతి అమ్మాయి, మొహంలో బెదురు. ఆ మండలిని ఆపాలని, ఆ అమ్మాయి ప్రాణం, మీ ప్రాణం దాని మీదే ఆధారపడి ఉండవచ్చని కింద రాశారు. ఓటర్లలో 63 శాతం మంది మండలిని రద్దు చేశారు. పూర్తిగా పౌరులతో కూడిన మండలి రావడానికి 1993 దాకా ఆగాల్సి వచ్చింది. ఫిర్యాదు రాసుకోవాల్సినవాడి మీద ఫిర్యాదును ఎవరు రాసుకోవాలన్నదే అక్కడి అసలు ప్రశ్న. ఆ ఒక్క పోస్టరు దాన్ని మింగేసింది.

నిజంగా దెబ్బతిన్నది ఎవరని చూస్తే పోస్టరులోని అమ్మాయి కాదు. జాన్సన్ నేర సంఘం 1967 నివేదిక స్పష్టంగా చెప్పింది: నేరాల బారిన ఎక్కువగా పడేది నల్లజాతి పేదలే, వాళ్ల పేటల్లోనే. దేశంలో జరిగిన హత్యల్లో దాదాపు 70 శాతం కుటుంబసభ్యుల చేతుల్లోనో తెలిసినవాళ్ల చేతుల్లోనో జరిగాయి. జనం భయపడింది మాత్రం ముక్కూమొహం తెలియనివాడికి. రెండు పెద్ద నగరాల్లో నేరాలు ఎక్కువగా ఉన్న పేటల్లో ఆ సంఘం సర్వే చేయించింది. 43 శాతం మంది భయంతో రాత్రిపూట వీధిలోకి రావడం మానేశామన్నారు, 35 శాతం మంది కొత్తవాళ్లతో మాట్లాడటం మానేశామన్నారు, 20 శాతం మంది ఇల్లు మారిపోవాలనుకుంటున్నామన్నారు. మీ సెమినార్‌లో వీటి మీద ఎక్కువ సమయం పెట్టండి. నలుగురు నడిచే వీధిలో దోచుకోవడం కష్టం. ఆ నలుగురూ తలుపులు వేసుకుంటే ఐదోవాడు నిజంగానే ప్రమాదంలో పడతాడు. 1964లో అతిశయోక్తిగా మొదలైన భయం ఆ దారినే 1970 నాటి నిజానికి తోడ్పడిందని నా అభిప్రాయం. దీన్ని అంకెలతో నిరూపించలేను, అభిప్రాయంగానే తీసుకోండి.

భయపడ్డ జనం ఊరికే కూర్చోలేదు. 1964లో బ్రూక్లిన్‌లోని క్రౌన్ హైట్స్‌లో యూదులు మక్కబీలు (పూర్వకాలపు యూదు యోధులు) అనే పేరుతో రేడియోలు పెట్టిన కార్లలో రాత్రి గస్తీ మొదలుపెట్టారు. 1965 ఏప్రిల్‌లో అప్పటి మేయర్ రాబర్ట్ వాగ్నర్ రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 4 దాకా ప్రతి సబ్‌వే రైల్లో ఒక పోలీసు ఉండాలని ఆదేశించారు.

ఇంట్లో ఉన్నవాళ్లు ఏం చేశారో నేను మా అమ్మాయి అద్దె ఇంట్లోనే చూశాను. వీధి తలుపు వెనక, చెక్క నేలలో, అరచేతి వెడల్పు ఇనుప పళ్లెం ఒకటి దిగేసి ఉంది, మధ్యలో చిన్న గుంట. ఇదేమిటని భవనం చూసుకునే పెద్దాయనను అడిగితే, పూర్వం పోలీస్ తాళం ఉండేదన్నాడు. పొడుగాటి ఉక్కు కడ్డీ ఒక కొస ఆ గుంటలో, రెండో కొస తలుపు తాళంలో ఏటవాలుగా ఆనించి ఉంటుంది. బయటి నుంచి భుజంతో ఎంత గుద్దినా తలుపు కదలదు. ఆ పళ్లెం చుట్టూ నేల చెక్క అర్ధచంద్రాకారంలో అరిగిపోయి ఉంది. ఏళ్ల తరబడి రాత్రికి రెండుసార్లో మూడుసార్లో కడ్డీ తీసి పెట్టిన గుర్తు అది. ఆ ఇంట్లో ఎప్పుడైనా దొంగతనం జరిగిందా అని అడిగాను. తనకు తెలిసి జరగలేదన్నాడు.

చివరగా ఒక్క సంగతి. మోస్లీ ఎలా దొరికాడో చాలా పుస్తకాల్లో ఉండదు. 1964 మార్చి 19న, పట్టపగలు, క్వీన్స్‌లోనే ఒక ఇంట్లోంచి టీవీ మోసుకొస్తున్నాడు. పొరుగింటాయన ఎవరు నువ్వని అడిగితే, ఇల్లు మారుతున్నారు, సాయం చేస్తున్నానన్నాడు. ఆయనకు నమ్మకం కుదరక మరో పొరుగాయనను అడిగాడు. వాళ్లు ఇల్లు మారడం లేదని తేలింది. ఇద్దరిలో ఒకరు పోలీసులకు ఫోన్ చేశారు, ఇంకొకరు మోస్లీ కారు ఇంజనులోంచి ఒక భాగం ఊడదీసి దాన్ని కదలకుండా చేశారు. కాలినడకన పారిపోతున్నవాణ్ణి పోలీసులు పట్టుకున్నారు, స్టేషన్లో కిట్టీ హత్య ఒప్పుకున్నాడు. అంటే న్యూయార్క్‌లో పొరుగువాడిని ఎవరూ పట్టించుకోరని ఆ వార్త అచ్చయ్యే నాటికి, ఇద్దరు పొరుగువాళ్లు ఆ హంతకుణ్ణి పట్టించి ఎనిమిది రోజులైంది. మీ సెమినార్‌లో 38 అనే సంఖ్య చెప్పక తప్పకపోతే దాని పక్కనే ఈ ఇద్దరినీ, మెట్ల దగ్గర కూర్చున్న ఆ స్త్రీనీ చెప్పండి.